సాయంత్రం ఐదు గంటల ఆట
(ఆదివాసీ యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 జై ఆదివాసీ.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం "క్రీడలు – యువత". ఈ అంశం మీద మాట్లాడమంటే చాలామంది మెడల్స్ గురించి మాట్లాడతారు. అందులో తప్పేం లేదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన భారత హాకీ జట్టుకు కెప్టెన్ మన ఆదివాసీ బిడ్డ జైపాల్ సింగ్ ముండా. 2014 మే 25న మాలావత్ పూర్ణతో కలిసి ఎవరెస్టు ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్ మన చర్ల మండలం కుర్రాడు. 2025లో అండర్-19 మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్, మొత్తం టోర్నీకి ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్ అయిన గొంగడి త్రిష భద్రాచలం అమ్మాయి. వీళ్లంతా మనకు గర్వం. వీళ్ల గురించి మాట్లాడటానికి వేరే వేదికలు చాలా ఉన్నాయి.

ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఎప్పటికీ మెడల్ రాని ఆట గురించి. గూడెం చివర రెండు కర్రలు పాతి, నెట్టు కట్టి, సాయంత్రం ఓ గంట ఆడుకునే వాలీబాల్ గురించి. ఆ గంటసేపు ఆట, మత్తు మానుకుని ఇంటికొచ్చిన మన అన్ననో తమ్ముణ్ణో ఎలా నిలబెట్టగలదో, ఎక్కడ నిలబెట్టలేదో, ఆ రెండూ చెబుతాను.

మన దారి మీద ఏం జరుగుతోంది

ముందు మన పరిస్థితి చూద్దాం. మనం మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్నాం. నాలుగో రాష్ట్రం ఒడిశా కూడా దూరమేమీ కాదు. మల్కనగిరి వైపు నుంచి, సీలేరు వైపు నుంచి చింతూరు మీదుగా భద్రాచలం చేరే రోడ్డు గంజాయి రవాణాకు దారిగా మారింది. చెక్‌పోస్టు దగ్గర కార్లలో, లారీల్లో, ఆటోల్లో పట్టుబడిన వార్త లేని నెల ఉండదు. ఎక్కడెక్కడికో పోవాల్సిన సరుకు దారిలో కొంత జారుతుంది. ఆ జారింది మన పిల్లల చేతుల్లో పడుతోంది.

గంజాయి ఒక్కటే కాదు. రోడ్డు పక్కన బెల్టు షాపు ఉంది. గుడుంబా ఉంది. ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మందులు కలిపిన కల్తీ కల్లు ఉంది. చిన్న పిల్లల దగ్గర వైట్‌నర్ ఉంది. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్ ద్వారా చేయించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వాళ్లలో నూటికి 14.6 మంది మద్యం తాగుతున్నారు. అంటే సుమారు 16 కోట్ల మంది. గంజాయి, భంగు లాంటివి వాడేవాళ్లు నూటికి 2.8 మంది. ఇది దేశం లెక్క. మన గూడెం లెక్క మనకే తెలుసు. ఇళ్ల పేర్లతో సహా తెలుసు.

ఇక్కడ పెద్దలకు ఒక అనుమానం రావచ్చు. "మన పండుగల్లో సారా లేకుండా దేవతకు పెట్టడం ఉందా? ఇప్ప సారా, జీలుగు కల్లు మన తాతలు తాగలేదా?" అని. ఇది న్యాయమైన ప్రశ్నే. ఇందాక చెప్పిన జైపాల్ సింగే 1948 నవంబరులో రాజ్యాంగ సభలో మద్య నిషేధం మీద చర్చ వచ్చినప్పుడు లేచి, బియ్యపు సారా ఆదివాసీల పూజల్లో భాగమని, నిషేధం పేరుతో మా మతాచారంలో వేలు పెట్టొద్దని వాదించారు. ఆ మాటకు ఈనాటికీ విలువుంది. విత్తనాల పండుగలో, భూమి పండుగలో, కొలుపుల్లో నేల మీద నాలుగు చుక్కలు పోసి, పెద్దల పేరు తలుచుకుని, అందరూ కలిసి తాగేదానికి ఒక రోజు ఉంది, ఒక చోటు ఉంది, ఒక హద్దు ఉంది. బెల్టు షాపు సీసాకు ఆ మూడూ లేవు. గంజాయి పొట్లానికి అసలే లేవు. ఆచారం పేరు చెప్పి వ్యాపారాన్ని కాపాడే పని మనం చేయకూడదు.

సెంటర్ నుంచి ఇంటికొచ్చిన తర్వాత

ఒక కుర్రాణ్ణి తీసుకుందాం. పేరు అక్కర్లేదు, మీ గూడెంలో ఇలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు. ఇరవై రెండేళ్లు. ఇంటర్ మధ్యలో ఆపేశాడు. మిర్చి కోతలకు పోయాడు, ఆటో నడిపాడు. మొదట సరదాగా, తర్వాత రోజూ. ఇంట్లో గొడవలు. అమ్మ పుస్తెల తాడు కుదువ పెట్టి డీ అడిక్షన్ సెంటర్లో చేర్పించారు. నెల రోజులో, రెండు నెలలో ఉండి వచ్చాడు. మొహం తేటపడింది. అన్నం తింటున్నాడు. అమ్మకు ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు ఆ కుర్రాడి రోజును గమనించండి. పొద్దున్న ఏదో పని ఉంటుంది. మధ్యాహ్నం ఎండకు నిద్ర. సాయంత్రం ఐదు అవుతుంది. ఆ టైముకు అతను రోజూ ఎక్కడికి పోయేవాడు? వాగు ఒడ్డుకు. ఎవరితో? ఆ నలుగురితో. ఇప్పుడు ఆ నలుగురూ అక్కడే ఉన్నారు, వాగూ అక్కడే ఉంది. మారింది ఇతనొక్కడే. మిగతా దోస్తులేమో "వీడు సెంటర్ కేసు" అని పక్కకు తప్పుకుంటున్నారు. ఐదు నుంచి ఎనిమిది దాకా ఆ మూడు గంటలు ఆ కుర్రాడికి కొండంత బరువు. సెంటర్లో డాక్టరు ఉన్నాడు, కౌన్సెలర్ ఉన్నాడు, గేటు ఉంది. గూడెంలో ఆ మూడు గంటలకు ఏ కాపలా లేదు.

చాలామంది మళ్లీ జారేది ఇక్కడే. వాళ్లకు బుద్ధి లేక కాదు. ఖాళీ సాయంత్రం, పాత చోటు, పాత స్నేహం మూడూ ఒకేసారి మీద పడితే ఒక్కడి పట్టుదల సరిపోదు.

ఆట ఆ మూడు గంటల్లోకి వస్తుంది. అదే దాని బలం.

ఆట ఏం చేస్తుంది

మొదటిది నిద్ర. గంజాయి మానినవాళ్లకు మొదటి ఒకటి రెండు వారాలు చిరాకు, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, పట్టినా పీడకలలు రావడం ఉంటాయి. రాత్రి రెండింటికి మేలుకుని కూర్చున్నవాడికి తలపు ఒక్కచోటికే పోతుంది. సాయంత్రం గంటసేపు చెమట పట్టేలా ఆడినవాడి ఒళ్లు రాత్రి తనంతట తనే నిద్ర అడుగుతుంది.

రెండోది తలపు. మత్తు మీద మనసు పోవడం గోదాట్లో అల లాంటిది. లేస్తుంది, పెరుగుతుంది, పట్టుకుని నిలబడితే దిగిపోతుంది. ఆ కాసేపు చేతికి, కంటికి, కాలికి పని ఉండాలి. అవతలివాడు సర్వీసు కొడుతున్నప్పుడు బంతి మీద తప్ప మనసు ఇంకెక్కడా ఉండదు. 2011లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు గంజాయికి అలవాటు పడ్డ 12 మందితో ఒక చిన్న అధ్యయనం చేశారు. వాళ్లు మానేద్దామని వచ్చినవాళ్లు కూడా కారు. రెండు వారాల్లో పదిసార్లు, ఒక్కోసారి 30 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద నడిపించారు, పరుగెత్తించారు. ఆ రోజుల్లో వాళ్ల గంజాయి వాడకం సగానికి పైగా తగ్గింది. పన్నెండు మందిని చూసి లోకమంతటికీ చెప్పలేం. కానీ ఒళ్లు కదిలితే తలపు తగ్గుతుందనే దానికి అదొక సూచన.

మూడోది పేరు. మత్తుకు అలవాటైనవాడికి ఊళ్లో ఒకటే పేరు మిగులుతుంది. తాగుబోతు, గంజాయిగాడు. మానేసినా ఆ పేరు పోదు. అదే కుర్రాడు రోజూ కోర్టుకు వచ్చి బంతి లేపుతుంటే, నెల తిరిగేసరికి "ఆ సెట్టర్ కుర్రాడా" అంటారు. కొత్త పేరు వస్తే పాత పేరు మీద ఆకులు రాలతాయి. వాలీబాల్‌లో ఇంకో మంచి సంగతి ఉంది. ఆరుగురూ చోటు మారుతూ తిరగాలి. ఎంత గొప్ప షాట్ కొట్టేవాడైనా వెనక్కి పోవాలి, ఎంత బలహీనుడైనా సర్వీసుకు రావాలి. ప్రతివాడి చేతికీ బంతి వచ్చే ఆట అది. సెంటర్ నుంచి వచ్చినవాడికి అలాంటి ఆటే కావాలి.

లోకంలో చేసి చూపించినవాళ్లు

కేరళలో త్రిస్సూర్ జిల్లాలో అడవి అంచున మరొట్టిచల్ అనే ఊరుంది. మన ఊళ్ల లాగే. 1960లు, 70ల్లో ఆ ఊళ్లో దొంగ సారా, పేకాట రాజ్యం చేసేవి. ఉన్నికృష్ణన్ అనే ఆయన చదరంగం నేర్చుకుని వచ్చి, తన టీ కొట్లో కనబడ్డవాడికల్లా ఉచితంగా నేర్పడం మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి వందల మందికి నేర్పారు. ఈ రోజు ఆ ఊరిని చదరంగం ఊరు అంటారు. బస్ స్టాపులో, అరుగుల మీద బోర్డు పరిచి ఆడుకుంటారు. అయితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. చదరంగం బోర్డు ఒక్కటే ఆ పని చేయలేదు. ఊరివాళ్లు సంఘంగా కలిసి ఎక్సైజ్ వాళ్లను పిలిపించి సారా బట్టీలు కూడా ఎత్తించారు. ఒక చేత్తో సారా తీసేశారు, ఇంకో చేత్తో ఆట పెట్టారు.

మనకు దగ్గరలోని నాగ్‌పూర్‌లో విజయ్ బార్సే అనే క్రీడల మాస్టారు 2001లో మురికివాడల పిల్లలకు ఫుట్‌బాల్ మొదలుపెట్టారు. అదే స్లమ్ సాకర్. "ఝుండ్" సినిమాకు మూలం ఆయన జీవితమే. మత్తులో, చిల్లర దొంగతనాల్లో తిరిగే పిల్లల్ని బంతి దగ్గరకు చేర్చారు.

అమెరికాలో కొలరాడోలో 2006లో స్కాట్ స్ట్రోడ్ అనే ఆయన ఫీనిక్స్ అనే సంస్థ పెట్టారు. ఆయన స్వయంగా మద్యం, కొకైన్ మానుకున్న మనిషి. అక్కడ కొండలెక్కడం, సైకిలు, జిమ్ అన్నీ ఉచితం. చేరడానికి ఒకటే ఫీజు: గత 48 గంటల్లో మత్తు తీసుకోకుండా ఉండటం. డబ్బు అడగరు, కులం అడగరు, గతం అడగరు. ఈ నియమాన్ని మనం ఉన్నదున్నట్టు తెచ్చుకోవచ్చు.

ఐస్‌లాండ్ అనే చిన్న దేశం ఇంకో పని చేసింది. మానడం కంటే మొదలుపెట్టకుండా చూడటం తేలిక అనుకుంది. పిల్లలకు సాయంత్రం ఆటలు, సంగీతం, వాటికి ఖర్చులో సాయం, తల్లిదండ్రుల సంఘాలు ఏర్పాటు చేసింది. గత నెలలో ఒక్కసారైనా తాగి తూలామని చెప్పిన 15, 16 ఏళ్ల పిల్లలు 1998లో నూటికి 42 మంది. 2016 నాటికి వాళ్లు 5 మందికి తగ్గారు. గంజాయి ఎప్పుడైనా వాడినవాళ్లు 17 నుంచి 7కు తగ్గారు.

వాళ్ల దగ్గర డబ్బుంది, ఇండోర్ స్టేడియాలున్నాయి, నిజమే. మన దగ్గర నేల ఉంది, నడక వచ్చిన కాళ్లున్నాయి. విల్లు ఉంది. చెడుగుడు ఉంది, చిర్రగోనె ఉంది, రేలా ఉంది, కొమ్ము నృత్యం ఉంది. నెత్తిన కొమ్ముల కిరీటం, మెడలో డోలు వేసుకుని అరగంట ఆడి చూడండి, ఏ జిమ్మూ దాని ముందు నిలవదు. మన పిల్లలకు ఆటలు నేర్పడానికి కిన్నెరసానిలో గిరిజన క్రీడా పాఠశాల కూడా ఉంది. అక్కడ చదివి వచ్చినవాళ్లు మీ గూడెంలో ఉంటే, వాళ్లే మీ కోచ్‌లు.

ఆట చేయలేనిది

ఈ భాగం జాగ్రత్తగా వినండి. ఆట వైద్యం కాదు. వైద్యానికి తోడు.

రోజూ బాగా తాగేవాడు ఉన్నట్టుండి ఆపేస్తే ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపల చేతులు వణకడం, చెమటలు పట్టడం, ఫిట్లు రావడం జరగొచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల్లో మనిషి తికమకపడి, లేనివి ఉన్నట్టు చూడొచ్చు. ఇందులో ప్రాణాలు పోతాయి. మందు కలిపిన కల్లుకు అలవాటైనవాడు ఆపినా ఇంతే. "గాలి సోకింది" అని ఇంట్లో పెట్టుకోవద్దు. పూజారికి చూపించాలనుకుంటే చూపించండి, కానీ ముందు ఆసుపత్రికి తీసుకుపోండి. అలాంటివాణ్ణి మొదటి వారంలో కోర్టు మీదకు లాగొద్దు. డాక్టరు సరే అన్నాకే ఆట.

మన పిల్లల్లో ఇంకో సమస్య సికిల్ సెల్. ఆదివాసీల్లో ఇది ఎక్కువని తెలిసే కేంద్రం 2023 జూలై 1న దాని నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాడు ఎండలో నీళ్లు తాగకుండా ఆయాసపడేలా పరుగెత్తితే ఒళ్లంతా నొప్పులతో ప్రాణం మీదికి వస్తుంది. లక్షణం మాత్రమే ఉన్నవాడు కూడా జాగ్రత్తగా ఉండాలి. పరీక్ష చేయించుకోండి, కార్డు దగ్గర పెట్టుకోండి. కోర్టు పక్కన నీళ్ల బిందె ఉండాలి. మన కొత్తగూడెం, భద్రాచలం ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఆట పొద్దు గుంకే వేళకో, తెల్లవారుజామునకో మార్చుకోండి. ఎవడికైనా తల తిరిగితే నీడకు తీసుకురండి, "మగాడివి కాదా, ఆడు" అనొద్దు.

ఆటే మత్తుకు దారి అయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. టోర్నమెంటు పెట్టి, గెలిచిన జట్టుకు బీరు కేసు. ఓడిన జట్టు బాధతో తాగడం. మ్యాచ్ మీద పందేలు. ఫోన్లో బెట్టింగ్ యాప్. సంక్రాంతికి సరిహద్దు దాటి కోడి పందేలకు పోవడం. సెంటర్ నుంచి వచ్చినవాణ్ణి వీటి మధ్యలోకి తీసుకుపోతే మనమే తోసినట్టు. పందెం కూడా మత్తే. దాని వాసన సీసా మూత దగ్గరిదాకా తీసుకుపోతుంది.

గూడెంలో ఎలా మొదలుపెట్టాలి

కమిటీలు, ప్రారంభోత్సవాలు అక్కర్లేదు. ఒక బంతి, ఒక నెట్టు, ఆరుగురు మనుషులు చాలు. 2022లో ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు పెట్టింది. మీ పంచాయతీలో ఆ బోర్డు నిలబడి ఉంటే దాని వెనక గడ్డి కోసి, పాములు చేరకుండా పొదలు కొట్టి ఆడుకోండి. అది మనదే.

నియమాలు నాలుగు చాలు.

మొదటిది: గత రెండు రోజుల్లో మత్తు తీసుకోనివాడే ఆడతాడు. ఇది అందరికీ, కెప్టెన్‌కు కూడా. సెంటర్ నుంచి వచ్చినవాడికి ఒక నియమం, మిగతావాళ్లకు ఒక నియమం అంటే అది శిక్ష అవుతుంది.

రెండోది: డబ్బు పందెం లేదు, కూల్ డ్రింక్ పందెం కూడా లేదు.

మూడోది: పాత సంగతులు తవ్వడం లేదు. ఫొటో తీసి "మత్తు వదిలిన మా తమ్ముడు" అని వాట్సాప్ గ్రూపులో పెట్టడం లేదు. అతను చెప్పుకోవాలనుకుంటే అతనే చెప్పుకుంటాడు.

నాలుగోది: జారినవాడికి తలుపు మూయం. "ఈ రోజు ఆడవు. రెండు రోజులు శుభ్రంగా ఉండి ఎల్లుండి రా, నీ చోటు నీదే." ఇంతే మాట. తిట్టొద్దు, బతిమాలొద్దు.

వీటితో పాటు ఒక పని. సాయంత్రం నాలుగున్నరకు ఒకడు ఇంటికి పోయి పిలుచుకురావాలి. ఫోన్ చేస్తే సరిపోదు. ఫోన్ ఎత్తకపోవడం తేలిక, గుమ్మంలో నిలబడ్డ దోస్తును కాదనడం కష్టం.

ఏ రోజులు ప్రమాదమో మనకు తెలుసు. తునికాకు డబ్బులు వచ్చే రోజు. మిర్చి కోతల వారం కూలి ఇచ్చే రోజు. సంత రోజు. పెళ్లి, దినం, జాతర. చేతిలో డబ్బు పడే రోజునే ఆట తప్పకుండా ఉండాలి. మామూలు రోజు ఒకవేళ మానినా పరవాలేదు, సంత రోజు మానకూడదు. వానాకాలం కోర్టు బురదవుతుంది, రెండు నెలలు ఆట ఆగిపోతుంది. ఆ రెండు నెలలకు క్యారమ్ బోర్డు, చదరంగం, డోలు సాధన, రేలా పాటల సాధన పెట్టుకోండి. ఆట మారినా పరవాలేదు, టైము మారకూడదు.

అక్కాచెల్లెళ్ల మాట. మత్తు వల్ల ఎక్కువ దెబ్బలు తినేది మీరే. మీకు ఆట టైము విడిగా ఉండాలి, కోర్టు మీద హక్కు ఉండాలి. మొగుడు తాగి పడిపోతే ఇల్లు మోసేది ఆడమనిషే. ఆమెకు గంటసేపు నవ్వుకునే చోటు లేకపోతే ఆమె కూడా కుంగిపోతుంది. ఆడవాళ్లు మత్తుకు అలవాటైతే ఇంట్లోవాళ్లు దాచిపెడతారు, సెంటర్‌కు కూడా పంపరు. వాళ్లకు మొదటి తలుపు ఆడపిల్లల కబడ్డీ జట్టే కావచ్చు.

గోదారి హెచ్చరికలు

మళ్లీ జారడం ఒక్క రోజులో జరగదు. భద్రాచలం దగ్గర గోదారికి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది ఇస్తారు. ఇంట్లోకి నీళ్లు వచ్చాక సామాను సర్దేవాడు మన దగ్గర ఎవడూ ఉండడు. మనిషికీ అలాంటి హెచ్చరికలే ఉంటాయి.

ఆటకు రెండు రోజులు వరసగా రాలేదు, అడిగితే ఒళ్లు నొప్పులంటున్నాడు, నిద్ర లేదంటున్నాడు. ఇది 43. ఇంటికి పోయి కూర్చోండి, టీ తాగండి, ఏమైందని అడగండి.

పాత నలుగురితో వాగు దగ్గర కనబడ్డాడు, అప్పు అడుగుతున్నాడు, ఫోన్ అమ్మేశాడు, అబద్ధాలు చెబుతున్నాడు. ఇది 48. ఇంటివాళ్లకు చెప్పండి, కౌన్సెలర్‌కు ఫోన్ కలపండి.

మళ్లీ తీసుకున్నాడు. ఇది 53. ఇప్పుడు అతన్ని గట్టుకు చేర్చడం మన పని. వరదలో ఉన్నవాణ్ణి ఎందుకు మునిగావని ఎవరైనా అడుగుతారా? డాక్టరు దగ్గరకు మళ్లీ తీసుకుపోండి. ఒకసారి జారినంత మాత్రాన అంతకుముందు నిలబడ్డ రోజులు ఎక్కడికీ పోవు.

ఫోన్ నంబర్లు రాసుకోండి. మత్తు మానడానికి జాతీయ ఉచిత హెల్ప్‌లైన్ 14446. మనసు బాగాలేనప్పుడు టెలీ మానస్ 14416. మత్తు అమ్మేవాళ్ల గురించి చెప్పాలంటే తెలంగాణలో 1908, ఆంధ్ర వైపు ఉన్న మన చింతూరు, కూనవరం, కుక్కునూరు బంధువులకు 1972.

చట్టం గురించి రెండు మాటలు

"ఈ బ్యాగు భద్రాచలం దాటించు, ఐదు వేలిస్తా" అని మీలో ఎవరినైనా అడగొచ్చు. మత్తు పదార్థాల చట్టం, 1985 ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే 10 నుంచి 20 ఏళ్ల కఠిన జైలు, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. బెయిలు రావడం చాలా కష్టం. ఐదు వేలకు పదేళ్లు. ఆ సరుకు అసలు యజమాని ఆ బండిలో ఉండడు. ఎప్పుడూ బండిలో ఉండేది మన పిల్లవాడే.

అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. చాలామందికి తెలియదు. వాడకం కేసులో గాని, కొద్ది పరిమాణం కేసులో గాని ఉన్నవాడు, మత్తుకు బానిసై ఉండి తానే ముందుకొచ్చి గుర్తింపు ఉన్న చోట చికిత్స తీసుకుంటే, విచారణ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. కేసు భయంతో ఆసుపత్రికి పోనివాళ్లకు ఈ సంగతి చెప్పండి.

ఇంకో ఆయుధం 1996 పీసా చట్టం. షెడ్యూల్డ్ ప్రాంతంలో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని ఆ చట్టం చెబుతుంది. కోర్టు పక్కన బెల్టు షాపు పెట్టుకుని మత్తు మానుకునేవాణ్ణి ఆటకు పిలవడం, పొయ్యి పక్కన వెన్నముద్ద పెట్టడం లాంటిది. గ్రామసభకు వెళ్లండి. యువకులు వెళ్లకపోతే ఆ తీర్మానం ఎవరు రాస్తారు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు వాళ్ల చేతిలో పదవి లేదు. అయినా 1993 అక్టోబరుకల్లా రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక్క అభ్యర్థనతో ముగిస్తాను. మీ గూడెంలో మత్తు మానాలనుకుంటున్న ఒక్క మనిషిని తలుచుకోండి. ఈ సభ అయిపోయి ఇంటికి పోయాక, రేపు సాయంత్రం నాలుగున్నరకు ఆ ఇంటి ముందు నిలబడండి. ఉపన్యాసం చెప్పొద్దు. "ఒక మనిషి తక్కువయ్యాడు, రా" అనండి. రాకపోతే ఎల్లుండి మళ్లీ పోండి. ఏడాది తర్వాత మనం ఇదే చోట కలిసినప్పుడు, ఎన్ని కప్పులు గెలిచారని నేను అడగను. ఎంతమంది ఇంకా ఆడుతున్నారని అడుగుతాను.

 జై ఆదివాసీ. జై సమ్మక్క సారలమ్మ.